పిడికిట్లో మన్ను

దయ్యాల కబుర్లంటే నాకు ఒళ్లు మంట. మిలటరీలో లారీ తోలినవాణ్ణి. చచ్చినవాళ్లు లేచొచ్చేదే నిజమైతే ముందు నా గడపే తొక్కాలి కదా అని ఎగతాళి చేసేవాణ్ణి.

డెబ్బై ఒకటి యుద్ధంలో తూర్పు బెంగాల్లో మా దళాల వెనక సామాను మోసేవాళ్లం. ఒక ఊరిని శత్రు సైన్యం నెలల తరబడి గుప్పిట్లో పెట్టుకుని, వెళ్లిపోయే ముందు ఊచకోత కోసింది. బడిలో మగవాళ్లను చేతులు వెనక్కి కట్టేసి బాయినెట్లతో పొడిచారు. పక్క గదిలో ఆడవాళ్లు. వాళ్ల ఒంటి మీద గుడ్డ లేదు. నెత్తురు గడప దాటి మెట్ల మీద గడ్డకట్టింది. ఆ పని చేసినవాళ్లు ఎక్కడో చల్లగా బతికే ఉంటారు.

గుంట తవ్వి అందరినీ పడుకోబెట్టాం. చివరన ఒక చిన్నపిల్ల. గౌనంతా నెత్తురే గానీ గాయం ఎక్కడా కనబడలేదు. మా క్రైస్తవుల ఇళ్లలో సమాధి చేసేటప్పుడు అయినవాళ్లంతా తలా పిడికెడు మన్ను వేస్తాం. వీళ్లకు వేసేవాళ్లు మిగల్లేదని నేనే మన్ను తీసుకున్నాను.

గోడవార ఒక ముసలమ్మ కడుపులో బాయినెట్ పోటుతో పడి ఉంది. ఆమె పాకుతూ వచ్చి నా మణికట్టు పట్టేసుకుంది. ఏదో అరిచింది. ఆ భాష నాకు రాదు. దుఃఖమనుకున్నాం. హవల్దారు ఆమె వేళ్లు ఒక్కొక్కటే విడదీశాడు. నేను మన్ను వేశాను. సాయంత్రానికి ఆమె కూడా పోయింది.

ఉద్యోగం మానుకుని మా ఊరు ఆళ్లగడ్డ వచ్చేసిన కొన్నేళ్లకు, దొర్నిపాడు దగ్గర చేన్లో మా పాప రూతును కట్లపాము కరిచింది. నాటువైద్యుడు పెదవి విరిచాడు. నాడి నేనూ చూశాను, అందలేదు. పొద్దు ఉండగానే సమాధుల తోటకు మోసుకెళ్లాం.

పాస్టరయ్య ప్రార్థన ముగించాడు. పాపను తెల్లగుడ్డలో చుట్టి గుంటలో దించారు. నేను మన్ను తీసుకున్నాను. ఎవరో నా మణికట్టు పట్టుకున్నారు. ఎముకల్లాంటి వేళ్లు, పచ్చి నెత్తురు వాసన. తిరిగి చూస్తే ఎవరూ లేరు.

“ఎయ్యప్పా, పొద్దు పోతాంది,” అన్నాడు మా మామ.

“చెయ్యి ఎవురో పట్టుకున్నారు మామా! పాప మొగం మీద గుడ్డ తియ్యాల!”

“పిచ్చి పట్టిందా ఏందీ నీకు?”

“అడ్డమొస్తే నన్ను గూడా ఈడే పూడ్సండి!”

గుంటలోకి దూకి గుడ్డ లాగేశాను. పాప రెప్ప అదిరింది.

జీపులో నంద్యాల ఆసుపత్రికి ఉరికాం. ఆ పాము విషానికి ఒళ్లు చచ్చుబడి, బతికున్న మనిషి కూడా పోయినట్టే కనబడొచ్చని డాక్టరు చెప్పాడు. అది నమ్ముతాను. నా మణికట్టు మీద కమిలిన వేళ్ల గుర్తులకు మాత్రం ఆయన మందు రాసి కట్టు కట్టాడు.

రూతు బతికింది. దాన్ని చూసినప్పుడల్లా ప్రాణం లేచొస్తుంది. ఆ వెంటనే ఆ ఊరి గుంట గుర్తొస్తుంది. ముసలమ్మ ఏమని అరిచిందో.

ఆ గౌను పిల్ల నాడి ఎవరూ చూడలేదు.