‘గంతే’ అనే మా సారు

మా ఇంగ్లీషు సారు మొన్న కన్నుమూసిండు. పొద్దుగాల బాపు ఫోన్ జేసి "సారు పోయిండే బిడ్డా" అన్నడు.

ఎడపల్లి బళ్లె సారు మాకు ‘ప్లే డౌన్’ అనే మాట జెప్పిన రోజు నాకింకా యాదికున్నది. పెద్ద సంగతిని చిన్నగ జేసి చెప్పుడని బోర్డు మీద రాసిండు. మా మొహాలు జూసి నవ్వి, పసుపు ఇరగబండినా మీ బాపులు ఏమంటరని అడిగిండు. "ఏదో ఉన్నది సార్, గంతే" అని క్లాసంత ఒక్కసారే అన్నది. దిష్టి తగుల్తదని మా దిక్కు ఎవ్వరూ పంట మంచిగున్నదనరు. గదే ప్లే డౌన్, ఇంగ్లీషోళ్ల కంటె మీకే మంచిగొస్తది అన్నడు. ఆ మాట మళ్ల మర్చిపోతే ఒట్టు.

ఆ యేడు పసుపు ఉడకబెట్టే రోజులల్ల సారు మా కల్లం కాడికొచ్చిండు. బాపు ఛాతి పట్టుకొని కూసున్నడు, చెమటలు కారుతున్నయి. ఏమైందంటే, ఏం లేదు సార్, జర గ్యాసు అన్నడు. సారుకు ఎన్నడు లేని కోపమొచ్చింది.

"పంట సంగతి తక్కువ జెప్పు. నొప్పి సంగతి తక్కువ జెప్పకు."

ఆటో కోసం చూడకుండ స్కూటర్ ఎక్కించుకొని నిజామాబాద్ ఉరికించిండు. బాపు పసుపు చేతులతోనే సారు తెల్లంగిని గట్టిగ పట్టుకున్నడు. జర ఆలస్యమైతే మనిషి దక్కకపోవునని డాక్టర్ అన్నడు. గట్ల దక్కిన బాపు నా పెండ్లి జేసిండు, నా బిడ్డను ఎత్తుకొని ఆడిచ్చిండు. ఇప్పటికీ చెలక కాడికి తానే పోతడు.

ఇగ సారు సంగతి జూడుండ్రి. ఎవ్వరడిగినా, నేనేం జేసిన, స్కూటర్ నడిపిన, గంతే అనేటోడు. నాకు నవ్వొచ్చేది, కండ్లల్ల నీళ్లూ వచ్చేవి.

నిన్న బాపు, నేను నిజామాబాద్‌ల కంఠేశ్వర్ కాడున్న సారు ఇంటికి పోయినం. పరామర్శకొచ్చిన ఒకాయన, మీరేమైతరని బాపును అడిగిండు. పుట్టి బుద్ధెరిగినంక దేన్నీ ఎక్కువ జేసి చెప్పని మా బాపు, అందరికి ఇనబడేటట్టు అన్నడు: "నా పానం గాయన పెట్టిన భిక్ష."

సారు భార్య లోపలికి పోయి ఒక తెల్లంగి తెచ్చింది. రెండు పక్కల పసుపు వేళ్ల అచ్చులు ఇంకా ఉన్నయి. "దీన్ని ఎన్నడు ఎండల ఆరెయ్యనియ్యలే. ఎండకు బట్ట పాడైతది, గంతే అంటుండె" అన్నది.

పసుపు మరక సబ్బుకు పోదు, ఎండకు పోతది. మా ఊర్ల గది అందరికి ఎరుకే. బాపు అంగిని దగ్గరికి తీసుకొని, ఆ మరకల మీద తన వేళ్లు ఆనిచ్చి, మెల్లగ పట్టుకున్నడు.