లైటు లేని తల

బడిలో ఇంగ్లీషు చెబుతాను కాబట్టి ‘లాంగ్వేజ్’ అనే మాటతో నాకు రోజూ పనే. పుస్తకంలో దానికి ఒక అర్థం. పిల్లలు తిట్టుకుంటే ‘లాంగ్వేజ్!’ అని కళ్లెర్రజేసినప్పుడు ఇంకో అర్థం. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ మా సైన్సు సారు నా యాస వినగానే ‘మీ లాంగ్వేజ్ భలే ఉంటుందండీ’ అని నవ్వుతాడు. మెచ్చుకోలో వెక్కిరింతో ఇప్పటికీ తేల్చుకోలేదు.

గోదావరిఖని దవాఖానలో డాక్టరు నోట విన్నది వేరు. మా నాన్న బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. పక్షవాతం వచ్చి నోటి మాట పడిపోయింది. “లాంగ్వేజ్ పోయిందమ్మా. మన మాటలు అర్థమవుతున్నాయో లేదో, మిమ్మల్ని గుర్తుపడుతున్నారో లేదో ఇప్పుడే చెప్పలేం” అన్నాడు డాక్టరు. అమ్మకు మొదటి మాట పట్టలేదు. ‘గుర్తుపడుతున్నారో లేదో’ అన్న దగ్గరే ఆగిపోయింది.

మర్నాడు జావ తాగించి, గిన్నె కడగడానికి అమ్మ లేచింది. నాన్న తల అటూ ఇటూ ఊగడం మొదలైంది. నర్సు కంగారుపడి “ఫిట్స్ గిట్ల వస్తున్నయా ఏంది?” అంటూ డాక్టరు కోసం పరుగెత్తింది. నాకూ భయమేసి రెండు చేతులతో నాన్న తల పట్టుకున్నాను.

“ఇడువు బిడ్డా. లైటు ఊపుతుండు” అంది అమ్మ.

బాయిలో యంత్రాల చప్పుడుకు నోటితో పని జరగదు. టోపీకి లైటు ఉంటుంది కనుక తల అడ్డంగా ఊపితే వెలుగు ఊగుతుంది, దూరంగా ఉన్నవాడు ఆగుతాడు. నాన్నకు ఇంట్లోనూ అదే అలవాటు. అన్నం చాలని నోటితో చెప్పేవాడు కాదు, తల ఊపేవాడు. “ఇదేమన్న బాయా?” అని అమ్మ విసుక్కునేది.

నేను చేతులు తీశాను. అమ్మ తలుపు వైపు ఒక అడుగు వేసి చూసింది. తల ఊగింది. వెనక్కి వచ్చి మంచం మీద కూర్చుంది. తల ఆగింది.

డాక్టరు వచ్చి ఏమైందని అడిగాడు.

“ఏం గాలె సారూ. నన్ను పోవద్దంటుండు” అంది. తర్వాత నాన్న వైపు తిరిగి కసురుకుంది. “ఇన్నేండ్లు నువ్వు డ్యూటీకి పోతుంటే నేనెన్నడన్న ఆగుమన్ననా?”

అలా అంటూనే ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చింది.