తడిసిన అతుకు

పెద్దమ్మ పోయిందన్న కబురు కొడవలూరులోని మా ఇంటికి మధ్యాహ్నం బస్సులో వచ్చింది. నా పుట్టింటి ఊరి మనిషి ఒకాయన దారిలో దిగి, గడప బయటే నిలబడి, "మీ జాయింట్ల పెద్దమ్మ రాత్రి నిద్రలోనే పోయినాదమ్మా" అని చెప్పి, మంచినీళ్లన్నా తాగకుండా వెళ్లిపోయాడు. నేను వాకిట్లో వడ్లు ఎండబోస్తున్నాను. నిజం చెప్పాలంటే నాకు ముందు ఏడుపు రాలేదు. మా తమ్ముడు గుర్తొచ్చాడు. ఇక వాడి గాలం కర్రను లాగి చూసే దిక్కెవరు అన్న భయం ముందొచ్చింది. ఏడుపు ఆ తర్వాత బస్సులో వచ్చింది. నేను చేరేసరికి ఆమెకు మట్టి కూడా ఇచ్చేశారు.

పెద్దమ్మ అనడమే గానీ ఆమె మాకు చుట్టం కాదు. కోట ఊరి నుంచి సముద్రం వైపు పోయే బండిబాటలో ఉంది మా ఊరు. మాది వరి చేసుకునే ఇల్లు, పక్కిల్లు ఇత్తడి పని చేసుకునే సాయిబులది. నడుమ ఒక మట్టిగోడ. దాని మీదుగా మా పులుసు అటు, వాళ్ల సేమ్యా ఇటు వస్తూ పోతూ ఉండేవి. ఆమె భర్త బిందెలకూ చెంబులకూ మాట్లు వేసేవాడు. ఆయన పోయాక ఆమె బిందెల జోలికి పోలేదు. గాలం కర్రలకు వదులైన అతుకులు బిగించడం, విరిగిన కొనలు మార్చడం, ఆ ఒక్క పనే పెట్టుకుంది. అందుకే ఊరంతా జాయింట్ల పెద్దమ్మ అనేవాళ్లు.

సెలవు దొరికితే చాలు, నెల్లూరు నుంచి ఉద్యోగస్తులు మా ఏరు సముద్రంలో కలిసే మొగలో చేపలు పట్టడానికి దిగేవాళ్లు. పొడుగు కర్ర బస్సులో పట్టదు గనక రెండు ముక్కలుగా తెచ్చుకునేవాళ్లు. వాళ్లను చూసి మా ఊరి మగవాళ్లకూ అదే మోజు. కింది ముక్క చివర గొట్టంలాంటి ఇత్తడి పొన్ను ఉంటుంది. పై ముక్క మొదలు ఆ పొన్నులో దూరి బిగుసుకోవాలి. వాడగా వాడగా అది అరిగి వదులవుతుంది. ఒక్క విసురుకు పై ముక్క దారంతో సహా ఎగిరి నీళ్లలో పడుతుంది. చేప తప్పించుకుంటే మగవాళ్లు ఓర్చుకుంటారు గానీ కర్ర పోతే ఓర్చుకోలేరు. వెంటపడి నీళ్లలోకి దిగుతారు. ఆ మొగలో ఏరు సముద్రంలోకి లాగే వేళ దిగినవాడు తిరిగి రావడం వాడి చేతిలో ఉండదు.

పెద్దమ్మ కుంపటి ముందు కూర్చుని, అరిగిన వెదురు మొదలును గాజుపెంకుతో గీకి, మైనం పట్టించిన దారం వరసగా చుట్టి, పైన లక్క కరిగించి పూసేది. కొన మీద దారం దూరే చిన్న ఉంగరం ఊగులాడుతుంటే దాన్నీ లక్కతోనే కూర్చోబెట్టేది. ఇక నీడలో ఆరాలి. మర్నాడు గానీ ఆ మొదలును అరగదీసి పొన్నులో బిగించేది కాదు. "సాయంత్రానికి ఇచ్చెయ్యి పెద్దమ్మా" అని ఎవరన్నా తొందర పెడితే, "లక్కకు నువ్వేమన్నా అల్లుడివా, నిన్ను చూసి గబగబా ఆరేదానికి?" అనేది. అన్నాక తనే నవ్వేది.

ఆఖరున ఒక తంతు ఉండేది. కర్ర తెచ్చినవాణ్ని కింది ముక్క పట్టుకోమని, తను గడపకు కాలు తన్నిపెట్టి, అతుకు పక్కన పట్టు పట్టి, ఉన్న బలమంతా పెట్టి లాగేది. ఊడి రాకపోతేనే కర్ర ఆ ఇంటి గడప దాటేది. లాగే ముందు అందరినీ ఒకటే అడిగేది. "నానేసినావా?"

ఎందుకంటే మా వైపు మగవాళ్లకు ఒక దొడ్డిదారి ఉంది. అతుకు వదులైతే రాత్రంతా నీళ్లలో నానేస్తారు. వెదురు ఉబ్బి పొన్నులో బిగుసుకుంటుంది, ఏనుగు లాగినా రాదు. ఎండ తగిలి ఆరేకొద్దీ మునుపటి కన్నా ముడుచుకుపోతుంది. అప్పుడు ఊడుతుంది, అదీ మనిషి నీళ్ల ఒడ్డున ఉన్నప్పుడు. "తడిసిన అతుకు అబద్ధం చెబుద్ది బిడ్డా" అనేది పెద్దమ్మ.

ఆమె భర్త చేసిందీ అదే. ఇత్తడి పనిలో పుట్టి పెరిగిన మనిషే, అయినా లక్క ఆరేదాకా ఆగలేక, "ఈ ఒక్కసారికే" అని నానేసుకుని మొగకు పోయాడు. కింది ముక్క ఒడ్డున దొరికింది. పై ముక్కా దొరకలేదు, ఆయనా దొరకలేదు. ఆ కింది ముక్కను ఆమె పనిచేసే గది మూలన నిలబెట్టుకుంది. దాని పొన్ను నోరు తెరుచుకుని ఉండేది. తూర్పుగాలి తిరిగిన రోజున కిటికీలోంచి గాలి తగిలి ఆ పొన్ను సన్నగా ఊళ పెట్టేది. మాటల్లో ఉన్నదల్లా పెద్దమ్మ ఆపి, లేచి, దాని నోట్లో గుడ్డపేలిక కుక్కి వచ్చి కూర్చునేది. మా ఇంట్లోకి ఆ ఊళ వినబడితే అమ్మ ఎవరినీ ఏటి వైపు పంపేది కాదు.

మా తమ్ముడికి చేపల పిచ్చి. పెద్దమ్మ లాగి చూడనిదే కర్ర పట్టుకుని మొగకు పోకూడదని అమ్మ వాడి చేత ఒట్టు వేయించుకుంది. ఒకనాడు మొగలో పండుగొప్ప చేపలు తిరుగుతున్నాయని ఊరంతా గోల. వీడి అతుకేమో వదులు. పొద్దున్నే కర్ర భుజాన వేసుకుని గోడ దాటి పక్కింటికి వచ్చాడు. నేను పెద్దమ్మ ఇంట్లో చేట పట్టుకుని బియ్యం చెరుగుతున్నాను.

"నానేసినావా అబ్బయ్యా?"

"లేదు పెద్దమ్మా. నేనే దారం చుట్టుకున్నా. లాగి చూడు."

లాగింది. రాలేదు. ఇంకోసారి లాగింది, రాలేదు. "బాగానే చుట్టినావే! నా పనికి ఎసరు పెడతావా ఏంది?" అని వాడి వీపు తట్టి పంపింది. వాడు ఈల వేసుకుంటూ పోయాడు. ఆకాశం కూడా తేటగా ఉంది, ఎండ చుర్రుమంటోంది.

పెద్దమ్మ కుంపటి దగ్గరికి వచ్చి బూడిద ఎత్తబోయింది. అతుకు పక్కన పట్టిన చేతికి బూడిద అంటుకుంది. రెండో చేయి పెట్టి చూసింది, అంటలేదు. అరచేతి వంక అట్లాగే చూస్తూ ఉండిపోయింది.

"అమ్మాయ్, ఇది చెమట గాదు. నానేసినాడు."

అదే వేళకు మూలనున్న పొన్ను ఊళ అందుకుంది. ఈసారి ఆమె గుడ్డ కుక్కలేదు. చెప్పులన్నా వేసుకోకుండా వీధిలో పడింది. వెనకే నేను. సరుగుడు తోపు దాటాక ఇసుక కాలిపోతోంది. భర్త పోయినప్పటి నుంచి ఆమె ఆ తోపు దాటగా నేను చూడలేదు.

మేము పోయేసరికి వాడు నడుము లోతు నీళ్లలో ఉన్నాడు. పై ముక్క వాడికి చేతికి అందేటంత దూరంలోనే తేలుతోంది. వాడు చెయ్యి చాపడం, అది ఇంకాస్త జరగడం. నీళ్లు సముద్రంలోకి లాగుతున్నాయి. "పోయింది పోనీరా! నువ్వు రా!" అని పెద్దమ్మ అరిచింది. నేనూ గొంతు చించుకున్నాను. వెనక్కి చూశాడు గానీ రాలేదు. అందుతుంది, ఇంకొక్క అడుగే గదా అని చేత్తో సైగ చేశాడు.

అప్పుడు పెద్దమ్మ నీళ్లలోకి దిగింది. ఈత రాదు, ముసలిది. చీర ఉబ్బి చుట్టూ తేలుతుంటే వాడి వైపు కాదు, వాడికన్నా పక్కకు, లోతులోకి నడిచింది. వాడు చూశాడు. కర్రను వదిలేసి ఆమె కోసం తిరిగాడు. జుట్టు పట్టుకుని, రెక్క పట్టుకుని ఒడ్డుకు ఈడ్చుకొచ్చాడు. ఆమె దగ్గి, నీళ్లు కక్కి, ఊపిరి అందగానే వాడి చెంప మీద ఒక్కటి ఇచ్చింది.

"ఆయన పోయిన పొద్దు నేను ఈడ లేనురా. ఉంటే తిరిగుండేవాడు" అంది. వాడు ఇసుకలో బోర్లాపడి ఏడ్చాడు.

ఆ తర్వాత వాడు బుద్ధిగానే ఉన్నాడు. నా పెళ్లయింది, వాడి పెళ్లయింది. ప్రతిసారీ కర్ర ఆమె చేతిలో పెట్టేవాడు, ఆమె రెండు చేతులూ బూడిదలో పెట్టి చూసుకునేది. నాకు తమ్ముడంటూ మిగిలింది ఆమె పెట్టిన భిక్షే. ఆ మాట ఆమె ముఖాన అంటే, "చాల్లే సంబడం, పోయి నీ బియ్యం చెరుక్కో" అని కసిరేది.

మంచాన పడ్డాక ఆమె వాణ్ని పిలిచి, మూలనున్న ఆ కింది ముక్కను చేతికిచ్చిందట. "నేను పోయినాక దీన్ని పొయ్యిలో పెట్టు. ఎవురికీ ఇయ్యబాక" అందట. ఇదంతా నలభై రోజుల ఫాతిహా ప్రార్థనకు నేను మళ్లీ వెళ్లినప్పుడు మరదలు చెప్పింది.

"పెట్టినాడా?" అన్నాను.

మరదలు పెరటి వైపు చూసింది.

పెరట్లో నీళ్ల తొట్టి ఉంది. అందులో అడ్డంగా ఒక గాలం కర్ర, అతుకు మునిగేటట్టు పెట్టి ఉంది. కింది ముక్కను చూడగానే పోల్చుకున్నాను. ఇన్నేళ్లూ నోరు తెరుచుకున్న ఆ పొన్నులో కొత్త వెదురు పచ్చగా దిగి ఉంది.

తమ్ముడు నవ్వుతూ వచ్చాడు. "ఇంత మంచి పొన్నును పొయ్యిలో పెడతారా అక్కా? పెద్దమ్మ గురుతుగా ఉంటాదని కొన చేసినా. లక్క పని చేసేవాళ్లు ఇప్పుడెవురున్నారు చెప్పు. ఈ ఒక్కసారికే."

తొట్టిలోంచి కర్ర తీశాను. కింది ముక్క వాడి చేతికిచ్చి, గడపకు కాలు తన్నిపెట్టి, అతుకు పక్కన పట్టుకుని లాగాను. దేవుడా, ఊడి రానీ అనుకుంటూ లాగాను. రాలేదు.

"చూసినావా, ఎంత బిగువో!" అన్నాడు వాడు. నా చేతిలోంచి కర్ర తీసుకుని, తువ్వాలుతో తుడుచుకుంటూ, ఎండలోకి దిగి ఏటి వైపు పోయాడు. నేను వెనకాల పిలిచిన పిలుపు వాడికి వినబడిందో లేదో. వాడి వెంట పరుగెత్తబోతూ పొయ్యి దగ్గర ఒక్క క్షణం ఆగాను. తెలిసి కూడా బూడిదలో చెయ్యి పెట్టాను.

అంటుకుంది.