కాలిబాట బిల్లు

నేను అమెరికాలో మా రాష్ట్ర శాసనసభకి, అంటే స్టేట్ హౌస్‌కి, ఎన్నికైన ఏడాది మా సబర్బ్‌లోని తెలుగువాళ్ళు శాలువా కప్పి "మన ఎమ్మెల్యే" అన్నారు. ఆ మాట వద్దని మొత్తుకున్నా వినలేదు. ఎమ్మెల్యే అంటే వాళ్ళ కళ్ళకి గన్‌మెన్, కలెక్టర్‌కి ఒక్క ఫోను. నాకున్నదల్లా సెషన్ నడిచినన్నాళ్ళు రాజధానిలో ఇంకొకరితో పంచుకునే ఇరుకు గది. మిగతా ఏడాదంతా మందుల షాపులో ఫార్మసిస్ట్ ఉద్యోగమే.

మా వీధిలో కూతురి దగ్గరుండే గుంటూరు పెద్దాయన సాయంత్రం నడకకి వెళ్ళి, కారు గుద్ది పోయారు. ఆ రోడ్డుకి కాలిబాట లేదు, గడ్డి అంచునే నడవాలి. స్టేట్ రోడ్డు కాబట్టి ఊరి మునిసిపాలిటీవాళ్ళు ముట్టుకోరు.

కర్మలన్నీ అయ్యాక ఆయన భార్య మా ఇంటికొచ్చింది. "ఎమ్మెల్యేవి కదమ్మా, ఒక్క ఫోన్ కొట్టు, వేసేస్తారు" అంది.

"ఫోన్‌తో అవదు ఆంటీ. బిల్లు పెట్టాలి, అది కమిటీ దాటాలి."

"అయితే పెట్టు. గుడికి నేనూ ఆ రోడ్డు మీదే నడవాలిగా."

పెట్టాను. ఇక్కడ బిల్లుని ఎవరూ ఓడించనక్కర్లేదు. కమిటీ ఛైర్మన్ చర్చకి పిలవకపోతే చాలు, అదే చచ్చిపోతుంది. మా ఛైర్మన్ నవ్వు మొహం మనిషి. అడిగినప్పుడల్లా "వచ్చే సెషన్‌లో తప్పకుండా" అనేవాడు. నాకు ఒళ్ళు మండేది.

ఆ సెషన్‌లో కమిటీ ఆఖరి మీటింగ్‌కి ఆంటీ తనూ వస్తానంది. ఇస్త్రీ చేసిన నేత చీర కట్టుకుని, నాతో కార్లో మూడు గంటలు ప్రయాణం చేసి, రోజంతా వెనక బెంచీలో కూర్చుంది. మా బిల్లు పేరెత్తకుండానే మీటింగ్ ముగిసింది. నేను ఆపేలోపే ఆంటీ ఛైర్మన్ ముందుకెళ్ళి చేతులు జోడించింది.

"బాబూ, మా ఆయన పోయారు. మీరు తల్చుకుంటే అవుతుంది" అంది తెలుగులో. నేను ఇంగ్లిష్‌లో చెప్పాను. ఆయన వంగి ఆమె చేతులు రెండూ పట్టుకుని, చాలా బాధగా ఉందన్నాడు. పక్కనున్న అసిస్టెంట్ ఫోటో తీశాడు.

"మంచి మనిషమ్మా" అంటూ వచ్చింది ఆంటీ దారంతా.

ఆ నవంబరు ఎన్నికల్లో ఓడిపోయాను. శాలువా కప్పినవాళ్ళలో సగంమంది వీసాల మీదున్నవాళ్ళు, వాళ్ళకి ఓటే లేదు. ఇన్నేళ్ళ తిరుగుడుకి ఒక్క గజం సిమెంటు పడలేదు. నాలో ఏ ఆశా మిగల్లేదు.

తర్వాతి ఎన్నికల్లో ఛైర్మన్ ఇంకా పెద్ద పదవికి నిలబడ్డాడు. ప్రచార కాగితం ఇంటింటికీ వచ్చింది. దాని మీద ఆంటీ చేతులు పట్టుకున్న ఆయన ఫోటో, కింద వలస కుటుంబాల మిత్రుడు అని. ఆంటీ దాన్ని కత్తిరించి, భర్త ఫోటో పక్కనే గోడకి అతికించింది.

"చూశావా, మర్చిపోలేదు. ఈసారి మన బిల్లు గెలుస్తుంది" అంది నాతో.

"అవునాంటీ" అన్నాను.

ఆమె గుడికి బయల్దేరుతూ బూట్లు వేసుకుంది. కార్లో దింపుతానన్నాను.

"ఎందుకమ్మా, ఇక్కడికేగా" అని, చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని, గడ్డి అంచునే నడిచి వెళ్ళింది.