పెద్దాయన పసిగట్టని వాసన

పోర్ట్‌లీష్ అనే ఈ ఐరిష్ ఊళ్లో మా పక్కింటి పెద్దాయన పశువుల డాక్టర్‌గా పనిచేసి రిటైరైనవాడు. భార్య పోయింది. కూతురు కార్క్‌లో ఉంటుంది. మా ఆవిడ ఇక్కడి ఆస్పత్రిలో డాక్టర్. నేను వారంలో రెండు రోజులు శాండీఫోర్డ్‌లోని ఆఫీసుకు పోతాను, మిగతా రోజులు ఇంట్లోంచే పని. ఆమె డ్యూటీల వల్ల పగలు ఎక్కువగా ఒక్కణ్నే ఉండేవాణ్ని. గోడ మీదుగా మొదలైన మాటలు ఆయన వంటింట్లో టీ దాకా, అక్కణ్నుంచి వైన్ దాకా వెళ్లాయి.

వైన్ గురించి నాకు ఓనమాలు కూడా రావు. ఆయన దగ్గర ఒక పెట్టె ఇటలీ రెడ్ వైన్ ఉండేది. బరోలో అంటారు. రిటైరైన ఏడాది భార్యతో కలిసి అక్కడి కొండల్లో తిరుగుతూ కొన్నాడట. మామూలుగా నాలుగైదు తోటల ద్రాక్ష కలిపి చేస్తారు. ఇది మాత్రం ఒక్క తోటది, ఒక్క కొండవాలు మీద కాసిన పండుది. "కలిపితే ఒకదాని లోపాన్ని ఇంకొకటి కప్పేస్తుంది. దీనికి దాక్కోవడానికి చోటు లేదు" అనేవాడు. కొన్నప్పుడు అది నోట పెట్టుకునేట్టు లేదట. పదిహేనేళ్లు, ఇరవయ్యేళ్లు నిలవ ఉంటే గానీ దాని రుచి తేలదు. అయినా ప్రతి వసంతంలో ఒక సీసా తెరిచేవాడు, ఎంతవరకు వచ్చిందో చూద్దామని. మిగిలినవి ఇంటి వెనక రాతిగదిలో పడుకోబెట్టి ఉండేవి. ఒకప్పుడు అక్కడ పశువుల మందులు దాచేవాడు. ఎండాకాలంలో కూడా ఆ గదిలోకి వెళ్తే ఒళ్లు జిల్లుమనేది.

మొదటిసారి ఆ వైన్ నోట్లో పోసుకున్నప్పుడు పచ్చి వక్క నమిలినట్టు చిగుళ్లు పట్టేశాయి. నా మొహం చూసి ఆయన పడీ పడీ నవ్వాడు. తర్వాత గ్లాసు మళ్లీ నా చేతికిచ్చి, "ముందు ముక్కు. నోటిది తర్వాతి సంగతి" అన్నాడు. ఆయన ముక్కును నమ్ముకుని బతికినవాడు. ఈనిన ఆవు మేత మానేస్తే దాని మూతి దగ్గర వంగి ఊపిరి వాసన చూసేవాడట. మిగలపండిన పండులా తియ్యని వాసన వస్తే జబ్బేమిటో అక్కడికక్కడే చెప్పేవాడట. మా ఆవిడ తాగదు గానీ ఆయన బలవంతం మీద గ్లాసు వాసన చూసి, "గుల్కంద్" అంది. అదేమిటో ఆయనకు తెలియదు. గులాబీ రేకులను చక్కెరలో ఊరబెడతారని చెబితే, తను ఏళ్లుగా వెతుకుతున్న మాట దొరికిందని మురిసిపోయాడు.

మేం వచ్చిన మూడో వసంతంలో ఒక ఆదివారం మధ్యాహ్నం మళ్లీ పిలిచాడు. మా ఆవిడ డ్యూటీలో ఉంది. నేనొక్కణ్నే వెళ్లాను. ఆయన సీసా తెరిచి ఇద్దరికీ పోశాడు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకోగానే ముక్కిన బియ్యం వాసన, తడిసిన అట్టపెట్టె వాసన. గ్లాసు సరిగా కడగలేదేమో అనుకున్నాను. ఇంకోసారి చూశాను. పండు వాసన లేదు, గులాబీ లేదు. అంతకుముందు ఏడాది ఆయనే అలాంటి సీసా ఒకటి నాకు చూపించాడు. బిరడాలో లోపముంటే వైన్‌కు ఆ వాసన పడుతుంది, తాగితే ప్రమాదం లేదు గానీ ఆ వైన్ చచ్చిపోయినట్టే అని చెప్పాడు. అందుకని ఆయన ఎప్పుడు మొహం చిట్లిస్తాడా అని చూస్తూ కూర్చున్నాను.

ఆయన ఎప్పటిలాగే గ్లాసులో ముక్కు పెట్టి కళ్లు మూసుకున్నాడు.

"గులాబీలు ఇప్పుడిప్పుడే బయటికొస్తున్నాయి" అన్నాడు.

వేళాకోళం అనుకున్నాను. కాదు. గుటక వేసి నా వైపు చూశాడు. నేనూ ఒక గుటక వేసి, "అవును" అన్నాను. ఆ పాడైన వైన్ ఇద్దరం తాగాం.

సాయంత్రం మా ఆవిడ రాగానే నవ్వుతూ చెప్పాను.

"పెద్దాయన సీసా ఒకటి ఖరాబైంది పాపం. ఆయనకు తెల్వనే లేదు."

ఆమె సింక్ దగ్గర చేతులు కడుక్కుంటోంది. కుళాయి కట్టేసింది. "తెల్వలేదంటే?"

"వాసన గుర్తుపట్టలే. గులాబీలన్నడు."

"నీ ముందల ఒప్పుకోలేక అన్నడేమో."

"ఆయననా? వైన్ సంగతిలనా?"

ఆమె వచ్చి నా ఎదురుగా కూర్చుంది. "జలుబేమన్న ఉండెనా?"

"లేదు."

"నడిచేటప్పుడు రెండు చేతులు ఊపుతడా?"

"ఇదేం ప్రశ్న?"

"మంచిగ గుర్తు చేస్కొని చెప్పు."

ఆయన పొద్దున కుక్కను తీసుకుని మా కిటికీ ముందు నుంచి పోవడం కళ్లముందు మెదిలింది. ఎడమచేతిలో తాడు. కుడిచెయ్యి ఒంటికి అంటుకున్నట్టు, మోచేతి దగ్గర కాస్త వంగి, కదలకుండా. చలికి అనుకునేవాణ్ని. ఆ మాటే ఆమెకు చెప్పాను.

"వయసుకు వాసన తగ్గుతది. వైరస్ వచ్చిపోయినా తగ్గుతది. ముక్కుల కండ పెరిగినా అంతే. అవే కావచ్చు." కుర్చీ దగ్గరికి జరుపుకుని, "పార్కిన్సన్స్‌ల కూడ పోతది. కొందరికి చెయ్యి వణుకుడు మొదలయ్యే దానికి ఏండ్ల ముందే పోతది" అంది.

ఆ మరుసటి రోజు నుంచి నాకు మనశ్శాంతి లేదు. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. మీటింగ్‌లో ఉన్నా కళ్లు కిటికీ వైపే. ఆయన కోటు గుండీలు పెట్టుకోవడం, చెత్త బిన్ లాక్కుంటూ రోడ్డు దాకా వెళ్లడం, ఆగి వెనక్కి తిరగడం, అన్నీ గమనించేవాణ్ని. అడుగులు చిన్నవైనట్టనిపించేది. గొంతు తగ్గినట్టనిపించేది. నిజంగా తగ్గిందో నా భయమో తెలిసేది కాదు.

"నువ్వు చెప్పరాదు?" అని ఆమెను అడిగాను.

"ఆయన అడగకుండ ఇంట్లకు పోయి జబ్బు పేరెట్ల చెప్త? కాకపోతే? ఆ మాట ఆయన మనసుల నుంచి మళ్ల నేను తీయగల్తనా?"

చెప్పాలంటే భయం, ఊరుకోవాలంటే ఇంకా భయం. అలా కొన్ని వారాలు గడిచాయి.

ఒక రోజు పొద్దున పదకొండు దాటాక, మా ఆవిడ పులిహోర చేసి వెళ్తే, ఆయనకిష్టమని డబ్బాలో పెట్టుకుని వెళ్లాను. ఆయన వెనక తలుపు ఎప్పుడూ గడియ వెయ్యడు. లోపల కుక్క ఆ తలుపును గోళ్లతో గీకుతోంది. తెరవగానే అది నా కాళ్ల సందులోంచి బయటికి పరుగెత్తింది. మరుక్షణం గ్యాస్ వాసన మొహాన కొట్టింది. పొయ్యి మీద పాలు పొంగి, మంట ఆరిపోయి ఉంది. మీట తిప్పే ఉంది. పెద్దాయన అక్కడే బల్ల దగ్గర ప్రశాంతంగా పేపర్ చదువుకుంటున్నాడు.

"రా, రా. టీ పెడతాను" అంటూ లేచి లైటర్ అందుకున్నాడు.

"వద్దు! ముట్టించకు! వద్దు!"

మొదట్నుంచీ ఇంగ్లిష్‌లోనే మాట్లాడుకునే మనిషితో ఆ క్షణాన నా నోట తెలుగు తప్ప మరో మాట రాలేదు. ఆయనకు మాట అర్థం కాలేదు. అరుపు అర్థమైంది. చెయ్యి గాలిలో ఆగిపోయింది. నేను మీట కట్టేసి, ఆయన భుజం పట్టుకుని పెరట్లోకి లాక్కొచ్చాను. గోడవారగా ఉన్న పసుపు సిలిండర్ కట్టేశాను. కిటికీలన్నీ తెరిచి బయటికి వచ్చాను. గడ్డి మీద కూర్చున్నాను.

ఆయన తన చేతిలో ఇంకా ఉన్న లైటర్ వైపు చూస్తున్నాడు. "గ్యాసా?"

"మీకు వాసన రాలేదా?"

"లేదు."

కుక్క వచ్చి ఆయన బూట్ల దగ్గర పడుకుంది. వంగి దాని తల నిమురుతూ ఆయనే అన్నాడు. "చలికాలం నుంచి ఏదీ రావడం లేదు. మొదట జలుబనుకున్నాను. ఆ రోజు వైన్ బాగాలేదు కదూ?"

"బాగాలేదు. బిరడా వాసన."

"నీ మొహం చూసి అనుకున్నాను. గులాబీలు నాకు రాలేదు. ఉండాలి కాబట్టి అన్నాను. నువ్వు అవునన్నావు. అప్పుడు నాకు మరీ భయమేసింది. నిజంగా ఉన్నాయో, నా మీద జాలిపడుతున్నావో తెలియలేదు." లైటర్ జేబులో పెట్టుకుని అడిగాడు. "మీ ఆవిడకు ఏమనిపిస్తోంది?"

"ఆమెనే అడగండి" అన్నాను. అంతకుమించి నాకు ధైర్యం చాలలేదు.

ఆ సాయంత్రం ఆమె ఆస్పత్రి బట్టలు కూడా మార్చకుండా వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది. "ఒక పశువుల డాక్టర్ ఒక మనుషుల డాక్టర్‌ను అడుగుతున్నాడు. దాచకుండా చెప్పు" అన్నాడు. ఆమె దాచలేదు. నాకు చెప్పినవన్నీ అదే వరసలో చెప్పింది, చివరిది కూడా. అది విన్నప్పుడు ఆయన కుడిచేతిని మెల్లగా బల్ల కిందికి తీసుకున్నాడు. ఆమె చూసింది, చూడనట్టు ఊరుకుంది.

"రేపే మీ జీపీ డాక్టర్‌కు ఫోన్ చెయ్యండి. మీ అమ్మాయికి ఈ రోజే" అందామె.

"అమ్మాయెందుకు? నేను గ్రాండ్." బాగానే ఉన్నాననడానికి ఇక్కడివాళ్ల మాట అది.

"కాదు. మీరు గ్రాండ్‌గా లేరు. మీ వంటిల్లు తలచుకుంటే నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు."

ఆయన మా ముందే కూతురికి ఫోన్ చేశాడు. ఆమె ఏడుస్తున్నది మాకు వినిపించింది.

ఆ తర్వాత జీపీ, పరీక్షలు, స్పెషలిస్ట్ పిలుపు కోసం ఎదురుచూపులు. ఆ నెలల్లో పోస్ట్ వచ్చే వేళకు ఆయన గేటు దగ్గరే నిలబడేవాడు. చివరికి మేం భయపడ్డదే నిజమైంది. తొలిదశలో ఉందన్నారు, మందులు మొదలుపెట్టారు. కూతురు వచ్చి సిలిండర్ తీయించి కరెంటు పొయ్యి పెట్టించింది. మందు పట్టాక నడక నయమైంది. వాసన మాత్రం తిరిగి రాలేదు.

మళ్లీ వసంతానికి సీసా తెరుద్దామన్నాడు. రాతిగదిలోంచి నేనే తీసుకొచ్చాను. ఇదీ పాడైతే ఏం చెప్పాలి? బాగుందని చెబితే ఆయన నమ్ముతాడా? బిరడా తీసి వాసన చూశాను. గులాబీ వచ్చింది. వెనకే ఎండిన చెర్రీ, కొత్తగా వేసిన రోడ్డు మీది తారు.

మందుల వల్ల ఆయన ఒక్క గుక్కే పోసుకున్నాడు. వాసన జోలికి పోలేదు. నోట్లో అటూ ఇటూ తిప్పి, "వగరు తగ్గింది. ముందులా కరవడం లేదు. పులుపు మాత్రం ఇంకా తగ్గలేదు" అన్నాడు. నాలుక చెప్పేది అంతవరకే. తర్వాత నా వైపు తిరిగాడు. "ముక్కుకు ఏముంది?"

చెప్పాను.

"నన్ను ఊరడించడానికి కాదు కదా?"

"కాదు."

అయినా ఆయన గ్లాసు మా ఆవిడకు ఇచ్చాడు. ఆమె వాసన చూసి, గులాబీలు ఉన్నాయంది. అప్పుడు తల ఊపాడు.

"ఇది పూర్తిగా పండడానికి ఇంకెన్నాళ్లు పడుతుంది?" అని నోరుజారాను. అడిగాక నాలుక కరుచుకున్నాను.

"ఆరేడేళ్లు. మిగిలినవి కదిలించకండి. నేను తొందరపెట్టినా తెరవనివ్వకండి" అన్నాడు.

సరేనన్నాం. ఇంటికొచ్చి తలుపు వేశాక ఆమెను అడిగాను. "అప్పటికి ఉంటడా?"

"చానమంది ఉంటరు. ఎట్ల ఉంటడన్నది చెప్పలేం" అంటూ కోటు విప్పి కొక్కేనికి తగిలించింది. నాకు ఆ కొద్ది మాటలే చాలా రోజులు నిద్ర లేకుండా చేశాయి. ఇప్పటికీ పొద్దున ఆయన కర్టెన్లు తెరుచుకునేదాకా నేను లాప్‌టాప్ ముందు కూర్చోలేను.