మూడు చుక్కల డబ్బా

ఇంజనీరింగ్ సెలవుల్లో హైదరాబాద్ నుంచి భీమవరం దగ్గర మావయ్య రొయ్యల చెరువుకి వెళ్లాను. అక్కడ పంపు ఇంజను బిగిస్తున్న చైనా మెకానిక్, వచ్చీరాని ఇంగ్లీషులో వాళ్ల అక్షరాల గురించి చెప్పాడు. పారే ఏటి బొమ్మే అరిగి మూడు చుక్కలయిందట. అక్షరానికి ఎడమవైపు అవి ఉంటే నీళ్లకి సంబంధించిన మాటట.

మర్నాడు చెరువు గట్టు మీది పంపు షెడ్డులో గోనెసంచి అంటుకుంది. చెవి దగ్గర ఫోన్ తియ్యకుండానే, మంట మీద పోద్దామని మూడు చుక్కలున్న చైనా డబ్బా ఎత్తాను.

"ఒరేయ్, ఆగరా. అది పెట్రోలు."

"నీళ్ల గుర్తుంది మావయ్యా, అడ్డు తప్పుకో."

మావయ్య డబ్బా లాక్కుని, మండే సంచిని కాలితో చెరువులోకి తన్నాడు. నేను మూత తీసి వాసన చూశాను, పెట్రోలే.

నూనెకీ, పెట్రోలుకీ కూడా ఆ చుక్కలే పెడతారని మెకానిక్ తర్వాత చెప్పాడు. మావయ్య పాదమంతా బొబ్బలు. ఆయన నిజంగానే తప్పుకుని ఉంటే అన్న ఆలోచన వస్తే ఇప్పటికీ భయమేస్తుంది.