మూడోసారి అడగని ఊరు

ఆ రోజుల్లో నాకు నా మర్యాద మీద మహా గురి. మా తాతలు కోస్తా నుంచి వచ్చి వైరా దగ్గర పొలాలు కొనుక్కుని స్థిరపడ్డవాళ్ళు. బట్టలకంటే ముందు పద్ధతులే మూటగట్టుకుని తెచ్చుకున్నారేమో అనిపిస్తుంది. అందులో మొదటిది టీ పద్ధతి. పరాయి ఇంట్లో టీ ఇస్తామంటే వెంటనే ఒప్పుకోకూడదు. "అడగ్గానే చేయి చాపితే కరువు బతుకనుకుంటారే. ఒకసారి వద్దను. రెండోసారి మొహమాటపడు. మూడోసారి, మీరింతగా అంటున్నారు కాబట్టి అని పుచ్చుకో" అని మా అమ్మమ్మ నాకు మాటలొచ్చిన దగ్గర్నుంచీ నూరిపోసింది. (ఈ లెక్కన మా వీధిలో ఒక గ్లాసు టీ తాగడానికి అరగంట పట్టేది. ఆలోగా చల్లారిపోతే, వేడిచేసి తెస్తామని వాళ్ళు, వద్దు వద్దని మేము, ఇంకో అరగంట.) నేనేమో టీ పిచ్చిదాన్ని. రోజుకు ఐదుసార్లు పడకపోతే తల పగిలిపోయేది. అయినా సరే, వద్దనడంలో నన్ను మించినవాళ్ళు లేరు.

ఇరవై మూడేళ్ళకు భద్రాచలం అడవిలో నర్సు ఉద్యోగం వచ్చింది. పసిపిల్లలకు సూదులు వేయడం నా పని. నాకిచ్చిన గిరిజన గూడేనికి వాగు దాకా స్కూటీ, అక్కడినుంచి నడక. ఆ ఊరి ఆరోగ్య కార్యకర్తను అందరూ ఆశా అక్క అనేవారు. "మొదటింటి అవ్వను మంచిగ చూస్కో మేడం. ఊరంత ఆమె మాటే ఇంటది" అని ఆమె ముందే చెప్పింది. సరే, మర్యాదలో మనకు తిరుగేముంది అనుకుంటూ మొదటింటికే వెళ్ళాను. అవ్వ చింతపండులో గింజలు తీస్తోంది. "టీ తాగుతవా మేడం?" అంది. "అయ్యో, వద్దవ్వా, ఇప్పుడే తాగొచ్చాను" అన్నాను, గొంతులో పట్టినంత మొహమాటం నింపి. రెండోసారి అడుగుతుందని ఆగాను. అవ్వ "సరే" అని మళ్ళీ చింతపండులో పడింది. సరే అంటుందేమిటీ! పక్కన పొయ్యి మీద డికాషన్ కుతకుతా ఉడుకుతోంది, బెల్లం వాసనకు నా ప్రాణం లాగేస్తోంది. పక్కింట్లోనూ అదే తంతు, ఆ పక్కింట్లోనూ అంతే. ఒక్కరంటే ఒక్కరు రెండోసారి అడగరే!

నేనూ తగ్గలేదు. వెళ్ళిన ప్రతిసారీ వద్దన్నాను, ప్రతిసారీ తలనొప్పితో తిరిగొచ్చాను. కొన్నాళ్ళకు వాళ్ళు అడగడమే మానేశారు. ఇక లాభం లేదని ఫ్లాస్కు కొనుక్కున్నాను. నలుగురిలో ఫ్లాస్కు తీసి తాగితే బాగోదని (మళ్ళీ మర్యాదే, చావలేదు) ఊరి బయట ఇప్పచెట్టు చాటున కూర్చుని దొంగలా తాగేదాన్ని. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, ఎవరూ చూడలేదనుకున్నాను. కట్టెలకు వెళ్ళొచ్చే ఆడవాళ్ళంతా చూశారట.

వానలు మొదలయ్యే ముందు ఊళ్ళో సూదుల రోజు పెట్టాం. మందులున్న ఐస్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని అంగన్‌వాడీ అరుగు మీద కూర్చున్నాను. మధ్యాహ్నమైనా ఒక్క తల్లీ రాలేదు. ఐస్ కరిగిపోతోంది. అది కరిగితే మందులు పారబోయాల్సిందే, ఒకసారి వాగు పొంగిందంటే నేను మళ్ళీ ఎప్పుడు రాగలనో తెలియదు. పోయిన ఏడాది ఆ ఊళ్ళో తట్టు వచ్చి ఇద్దరు పసివాళ్ళు పోయారు. ఆశా అక్కను పట్టుకుని నిలదీశాను. ఆమె నేలచూపులు చూస్తూ, "ఏమనుకోకు మేడం. మా ఇంట్ల టీ ముట్టనామె చేతి సూది మా పిల్లలకెందుకని అంటున్నరు. చెట్టు చాటుకు పొయి నీ టీ నువ్వు తాగుతున్నవంట గద?" అంది.

నా మొహం మాడిపోయింది. వాళ్ళ గ్లాసు ముట్టుకుంటే మైలపడతామనుకునే పెద్దమనుషులను ఆ ఊరు చాలామందినే చూసింది. నన్నూ వాళ్ళలో కలిపేశారు. కలపక ఏం చేస్తారు పాపం! సిగ్గు, ఏడుపు, కోపం (నా మీదే లెండి) అన్నీ ఒక్కసారే తన్నుకొచ్చాయి. డబ్బా ఆశా అక్క చేతిలో పెట్టి అవ్వ ఇంటికి పరుగెత్తాను.

"అవ్వా, టీ పొయ్యి!" అన్నాను గుమ్మంలోంచే.

అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వు వద్దంటివి గద."

"వద్దంటే మళ్ళీ అడగాలి కదవ్వా! మా ఇళ్ళల్లో మూడోసారి అడిగితేగానీ తాగం. అది మా మర్యాద!"

"ఏందీ? కావాలనుకుంటనే వద్దంటరా?" అవ్వ చేతిలో చేట ఆగిపోయింది. "వద్దన్న మనిషిని మల్ల అడుగుడేంది బిడ్డా? ఆ మనిషి మాట నమ్మనట్టు గాదా? మేం గట్ల చెయ్యం."

పుట్టినప్పటినుంచీ మోసుకు తిరుగుతున్న నా గొప్పింటి మర్యాద ఆ మట్టి గుమ్మం ముందు చతికిలబడింది. అవ్వ స్టీలు గ్లాసు నిండా నల్ల టీ పోసి, "పాలుండవు. పాలు దూడవి గద" అంది. గటగటా తాగేశాను. నోరు కాలింది. (ఊదుకుంటే మళ్ళీ ఏమనుకుంటారో అని భయం.) "ఇంకింత?" అంది. "పొయ్యి!" అన్నాను. అవ్వ అప్పుడు నవ్వింది, వాకిట్లోకి వెళ్ళి వాళ్ళ భాషలో ఏదో కేకేసింది. ఇక చూడండి, ఇంటింటి నుంచీ పిలుపులే! వద్దనే ధైర్యం నాకెక్కడిది? తొమ్మిది గ్లాసులయ్యేసరికి అడుగు తీసి అడుగు వేస్తే కడుపులో వాగు పారుతున్న చప్పుడు. నా వెనక చంకల్లో పిల్లలతో తల్లులు బయల్దేరారు. అందరికంటే ముందు అవ్వే వచ్చి, మునిమనవరాలిని నా ఒళ్ళో పెట్టి, "పట్టు బిడ్డా, ఎయ్యి" అంది. ఐస్ పూర్తిగా కరిగేలోపు ఊళ్ళో పిల్లలందరికీ సూదులు పడ్డాయి. (మధ్యలో నేను మూడుసార్లు పొదల వైపు పరుగెత్తిన సంగతి రిజిస్టర్‌లో రాయలేదు.)

తర్వాత ఎన్నో ఊళ్ళు తిరిగాను, ప్రమోషన్లూ వచ్చాయి, ఇప్పుడు పాల్వంచలో ఉంటున్నాను. చుట్టాలిళ్ళలో టీ మాట ఎత్తగానే "ఇవ్వండి" అంటాను. "ఇంత ఉద్యోగం చేస్తూ ఆ కక్కుర్తేమిటో" అని వెనక గొణుక్కుంటారు. గొణుక్కోనీ, నాకేం! ఖాళీ డబ్బా స్కూటీకి కట్టుకుని, ఒక్కతే పగలబడి నవ్వుకుంటూ అడవి దారిన వెనక్కి వచ్చిన ఆ పిల్లంత గర్వంగా నేను మళ్ళీ ఏనాడూ లేను. ఇవాళ ఆ పిల్ల వచ్చి మా గుమ్మంలో నిలబడితే బాగుండుననిపిస్తుంది. టీ తాగుతావా అని అడుగుతాను. ఒక్కసారే అడుగుతాను.